జెర్రీ ఓర్బాక్: టీవీ పోలీసు, బ్రాడ్‌వే గొంతు

మాధవి: నమస్కారం. కిట్టూ, మైకు దగ్గరికి జరుగు, బకెట్లోంచి మాట్లాడుతున్నావని మళ్ళీ కామెంట్లు వస్తాయి.

కిట్టు: రానీ అక్కా, అలవాటైపోయింది. రాత్రంతా 'లా అండ్ ఆర్డర్' అనే అమెరికా పోలీసు సీరియల్ చూసి వచ్చాను, కళ్ళు మండుతున్నాయి.

మాధవి: అయితే అదే ముందు కానిచ్చేద్దాం. మనం ఇవాళ మాట్లాడేది అమెరికన్ నటుడు జెర్రీ ఓర్బాక్ గురించి. ఆ సీరియల్లో 1992 నుంచి 2004 దాకా ఓర్బాక్ అంటే డిటెక్టివ్ లెనీ బ్రిస్కోనే. శవం పక్కన నిలబడి ఒక చురక వేసి వెళ్ళిపోతాడు. తమాషా ఏంటంటే, రెండో సీజన్లో ఇదే సిరీస్‌లో డిఫెన్స్ లాయరుగా వచ్చాడు, మూడో సీజన్ కల్లా పోలీసు!

కిట్టు: మన సీరియళ్ళలో అయితే ప్లాస్టిక్ సర్జరీ అనేవాళ్ళు.

మాధవి: 'డర్టీ డాన్సింగ్'లో హీరోయిన్ నాన్న, డిస్నీ 'బ్యూటీ అండ్ ద బీస్ట్'లో పాట పాడే కొవ్వొత్తి స్టాండు, రెండూ ఈయనే.

కిట్టు: అవన్నీ తర్వాతి సంగతులు. అసలు మనిషి స్టేజీ వాడు. 1960లో 'ద ఫాంటాస్టిక్స్' మొదలైనప్పుడు ఎల్ గాయో వేషం ఈయనదే, ఆ నాటకం న్యూయార్క్‌లో 42 ఏళ్ళు ఆడింది. 1969లో నాటకాలకిచ్చే టోనీ అవార్డు కూడా కొట్టాడు. సురభి వాళ్ళని చూడు...

మాధవి: మొదలైంది.

కిట్టు: 1885లో కీచక వధతో మొదలుపెట్టి...

మాధవి: తర్వాత! ముందు 1980 ఆగస్టు 25 చెప్పు.

కిట్టు: ఓర్బాక్ వేసిన 'ఫార్టీ సెకండ్ స్ట్రీట్' అనే పాటల నాటకానికి బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్క్ పెద్ద థియేటర్లలో, మొదటి రాత్రి. దర్శకుడు గవర్ ఛాంపియన్ ఆ రోజు పొద్దునే ఆస్పత్రిలో చనిపోయాడు. నిర్మాత డేవిడ్ మెరిక్ ఆ కబురు నటుల చెవిన పడనివ్వలేదు. షో అయ్యాక చప్పట్లు ఆగట్లేదు, అప్పుడు మెరిక్ స్టేజీ మీదకొచ్చి విషాదం అన్నాడు, జనం జోకనుకుని నవ్వారు. అప్పుడు చెప్పాడు, ఛాంపియన్ పోయాడని.

మాధవి: హీరోయిన్ వాండా రిచర్ట్ ఛాంపియన్‌ని ప్రేమిస్తోంది కిట్టూ. ఆ పిల్లకి కూడా అక్కడే, అందరి ముందే తెలిసింది. ఇదేం పద్ధతి?

కిట్టు: ముందే చెప్తే ఆ పిల్ల ఆడగలిగేదా? షో ఆగిపోయేది. సురభిలో ఇంట్లో ఎవరు పోయినా...

మాధవి: సురభిని అడ్డం పెట్టుకోకు. షో కోసం దాచాడంటే సరే, ఒప్పుకుంటా. తెర దించాక లోపలికి పిలిచి చెప్పొచ్చుగా? కెమెరాల ముందు ఎందుకు? మర్నాడు పేపర్లో మొదటి పేజీ కోసం. 1962లో నాటక విమర్శకుల పేర్లే ఉన్న ఏడుగురు మామూలు మనుషుల్ని వెతికి పట్టుకుని, వాళ్ళు పొగిడినట్టు ప్రకటన వేయించిన మహానుభావుడు ఈ మెరిక్కే.

కిట్టు: అది మాత్రం సూపర్ ఐడియా.

మాధవి: నవ్వకు. ఆ రాత్రి బుర్ర పనిచేసింది ఒక్క ఓర్బాక్‌కే. డాన్సర్లంతా ఏడుస్తూ బిగుసుకుపోయి నిలబడితే, తెర దించండి అని అరిచింది ఆయనే. చిత్రం చూడు, ఆ నాటకంలో ఆయన వేషం కూడా దర్శకుడిదే.

కిట్టు: ...అవును. ఆ ముక్క నాకు తట్టలేదు.

మాధవి: నాకు ఓర్బాక్ అంటే అదే. బ్రిస్కో కాదు.

కిట్టు: అయినా ఆ షో 1989 దాకా ఆడిందక్కా. మెరిక్ లెక్క తప్పలేదు.

మాధవి: టికెట్లు తెగితే తప్పు ఒప్పైపోతుందా? నీతో ఇదే గొడవ, జంతికల ఎపిసోడ్లో కూడా ఇంతే.

కిట్టు: దాన్ని లాక్కు.

మాధవి: 2004 డిసెంబర్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయాడు. కళ్ళు దానం చేస్తే ఇద్దరికి చూపొచ్చింది. న్యూయార్క్ సబ్‌వేలో ఐ బ్యాంక్ వాళ్ళు ఆయన ఫొటోతో పోస్టర్లు కూడా పెట్టారు.

కిట్టు: 'షికాగో' నాటకం ఊసే ఎత్తలేదు మనం.

మాధవి: 1975, లాయర్ బిల్లీ ఫ్లిన్. మొట్టమొదట వేసింది ఈయనే. అయిపోయింది.

కిట్టు: అంతేనా! పద్యం పాడలేనివాడు ఆ వేషం వెయ్యలేడక్కా, సురభిలో...

మాధవి: ఎవరో బెల్లు కొడుతున్నారు, గ్యాస్ బండేమో. ఆపేస్తున్నా.