బాటిల్ మూతకు గమ్ ఎందుకు పట్టదు?

[చేతిలో నీలం మూత, కెమెరాకు బాగా దగ్గరగా]

పదిమంది కలిసి పాత ప్లాస్టిక్ మూతలతో గోడ మీద పెద్ద బొమ్మ చేస్తే, చూసినవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "ఏముంది ఇందులో, గమ్ రాసి అతికించేయడమే కదా!"

ఒళ్లు మండుతుంది నాకు. ఎందుకంటే మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. చేప బొమ్మ, రెండు వందల మూతలు, ఖరీదైన గమ్. మూడో రోజు పొద్దున చూస్తే చేప గోడ మీద, తోక నేల మీద.

సరే, ఈ మూత చూడండి. ఇది పాలీఇథిలీన్, లేదంటే పాలీప్రొపిలీన్. గమ్ పట్టాలంటే ముందు ఉపరితలం మీద బాగా పరుచుకోవాలి. వీటి మీద పరుచుకోదు, తామరాకు మీద నీటిబొట్టులా ముద్దగా నిలబడుతుంది. అసలు గమ్ సీసాలు దేనితో చేస్తారో గమనించారా? చాలావరకు పాలీఇథిలీన్‌తోనే! సీసాకే అతుక్కుపోతే గమ్ బయటికెలా వస్తుంది? మనం సరిగ్గా ఆ సీసా చేసే ప్లాస్టిక్‌నే తెచ్చి అతుక్కోమంటున్నాం.

కాబట్టి స్క్రూ. మూత మధ్యలో రంధ్రం చేసి చెక్క పలకకు బిగించాలి. రంధ్రం స్క్రూ కంటే కాస్త పెద్దదిగా ఉండాలి. ఎండకు పాలీఇథిలీన్ ఇనుము కంటే సుమారు పది రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. కదిలే చోటు ఇవ్వకపోతే మూత వంకర పోతుంది, పగులుతుంది. మరీ గట్టిగా బిగించేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు, వాళ్లకి మూతలు కడిగే పని ఇవ్వండి.

[గాజు గ్లాసులో నీళ్లు]

అదే మూతను నీళ్లలో వేస్తున్నా. తేలింది. అదే బాటిల్ నుంచి కత్తిరించిన ముక్క వేస్తున్నా. మునిగింది. బాటిల్ పెట్ అనే వేరే ప్లాస్టిక్, నీటికంటే బరువు. చెత్త కుప్పలో ఏది ఏదో తెలియనప్పుడు వేరు చేయడానికి ఇంతకంటే సులువైన పద్ధతి లేదు.

ఇంత పనికి పదిమంది ఎందుకు? లెక్క వేద్దాం. మూత వెడల్పు సుమారు 3 సెంటీమీటర్లు. చదరపు మీటరుకు దాదాపు 1,100 మూతలు. పది చదరపు మీటర్ల గోడకు 11,000. ఒక్కోదాన్ని కడిగి, రంగుల వారీగా వేరుచేసి, రంధ్రం చేయడానికి అర నిమిషమే అనుకున్నా 90 గంటలు దాటుతుంది. ఒక్క ఇంట్లో అన్ని బాటిళ్లు ఎవరు తాగుతారు? ఊరంతా మూతలు దాచి తేవాల్సిందే. అందుకే బొమ్మ కింద ఒక్క ఆర్టిస్టు సంతకమే కనిపిస్తే నాకు నచ్చదు. ఇంకోటి, రంగు సరిపోలేదని కొత్త బాటిళ్లు కొని, నీళ్లు పారబోసి, మూతలు తీసుకునేవాళ్లున్నారు. వాళ్ల గురించి మాట్లాడితే వీడియో పొడుగైపోతుంది.

అయ్యో, టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. కరిగించి అచ్చు పోద్దామని ఇంట్లో పొయ్యి మీద పెట్టొద్దు. అందులో పీవీసీ ముక్క ఒక్కటి కలిసినా ఘాటైన ఆమ్ల వాయువు వస్తుంది. ఎండ తగిలే గోడైతే రంగులు వెలిసి మూతలు పెళుసెక్కుతాయి, నీడ గోడ చూసుకోండి. పెద్ద పని ఎలా ఉంటుందో చూడాలంటే ఫ్లిప్‌ఫ్లాపి పడవ వెతకండి: కెన్యాలోని లాములో సుమారు 10 టన్నుల పాత ప్లాస్టిక్‌తో కట్టారు, ఒళ్లంతా తీరంలో ఏరిన చెప్పుల ముక్కలు. 2019లో అది జాంజిబార్ దాకా వెళ్లింది.

చివరగా, చెత్త తగ్గించేశామని మాత్రం బోర్డు పెట్టకండి. మూత 2 గ్రాములు వేసుకున్నా, మన 11,000 మూతలూ కలిపి 22 కిలోలు, అంతే. కాకపోతే స్క్రూలు విప్పితే అవన్నీ శుభ్రంగా రీసైక్లింగ్‌కి వెళ్తాయి. గమ్ రాసినవైతే...

[మూత మీద ఎండిన గమ్ పొరను గోటితో లాగితే మొత్తం ఊడి వస్తుంది]

ఇదిగో, చూశారుగా.