లిఫ్ట్ కొనేటప్పుడు తలుపులు చూడండి

శ్రోతలకు నమస్కారం.

నాలుగంతస్తుల నుంచి పదంతస్తుల దాకా ఉండే భవనాలకు ఎలాంటి లిఫ్ట్ పెట్టించుకోవాలి, పెట్టించాక దాన్ని ఎలా చూసుకోవాలి అన్నది ఈ రోజు మాట్లాడుకునే విషయం. విషయం పెద్దది, నాకున్న సమయం తక్కువ. అందుకని చాలా సంగతులు పైపైన చెప్పి, తలుపుల దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను.

లిఫ్ట్ అనగానే మనకు తాళ్లు గుర్తొస్తాయి. తెగితే ఎలా అన్న భయం ఒకటి. ఆ భయానికి 1854లోనే జవాబు దొరికింది. న్యూయార్క్‌లో ఒక ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ అనే ఆయన తాను నిలబడ్డ వేదికను మోస్తున్న తాడును జనం చూస్తుండగానే తెగ్గొట్టించాడు. వేదిక కాస్త జారి ఆగిపోయింది. 1857లో అదే నగరంలో ఒక దుకాణంలో మనుషులు ఎక్కే లిఫ్ట్ పెట్టాడు. ఆ భవనం ఎంత ఎత్తనుకున్నారు? ఐదంతస్తులే. అంటే లిఫ్ట్ పుట్టిందే మనం మాట్లాడుకుంటున్న లాంటి భవనంలో.

ఇప్పటి లిఫ్టుల్లో ఉక్కు తాళ్లు ఒకటి కాదు, చాలా ఉంటాయి. మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నప్పుడు, మోసే బరువుకు కనీసం 12 రెట్లు తట్టుకోవాలని యూరప్ ప్రమాణం చెబుతుంది. వేగం హద్దు దాటితే గవర్నర్ అనే పరికరం పసిగడుతుంది. వెంటనే కేబిన్‌కు బిగించిన సేఫ్టీ గేర్, కేబిన్ జారే నిలువు పట్టాలను గట్టిగా పట్టేస్తుంది. కాబట్టి తాళ్ల గురించి టెన్షన్ పడొద్దు. రిపేర్లైనా, చికాకులైనా, ప్రమాదాలైనా ఎక్కువగా తలుపుల దగ్గరే మొదలవుతాయి.

ముందు ఎంపిక సంగతి. హైడ్రాలిక్ లిఫ్టులో పంపు నూనెను తోస్తే పిస్టన్ లేస్తుంది, దాంతో కేబిన్ లేస్తుంది. దిగేటప్పుడు వాల్వు తెరిస్తే చాలు, తన బరువుకు తనే దిగుతుంది. భారమంతా కింద నేల మీద పడుతుంది కాబట్టి పాత భవనాలకు అనుకూలం. కానీ నిదానం. వాడకం పెరిగితే నూనె వేడెక్కుతుంది. మూడు నాలుగు అంతస్తులు, తక్కువ మంది ఉన్నచోట బాగానే ఉంటుంది. అంతకన్నా ఎత్తుకు నేనైతే సిఫారసు చేయను.

మిగతా చోట్ల తాళ్ల లిఫ్టే. దానికి తాళ్ల అవతలి వైపు కౌంటర్ వెయిట్ అనే బరువు దిమ్మ ఉంటుంది. కేబిన్ బరువుకు, కేబిన్ మోయగలిగే బరువులో దాదాపు సగం కలిపితే ఎంతో, ఆ దిమ్మ అంత ఉంటుంది. అందుకే కేబిన్ సగం నిండినప్పుడు మోటారుకు పని తేలిక. ఇందులో ఒక తమాషా ఉంది. ఖాళీ కేబిన్ కన్నా అవతలి దిమ్మే బరువు కదా. అంటే బ్రేకు పట్టు తప్పితే ఖాళీ లిఫ్ట్ కింద పడదు, పైకి పోతుంది. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. బ్రేకు పరీక్ష ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

1996లో కోనే (KONE) అనే లిఫ్టుల సంస్థ, మోటారుకు విడిగా మెషిన్ రూమ్ అక్కర్లేని తాళ్ల లిఫ్టును తెచ్చింది. చిన్న గేర్‌లెస్ మోటారు షాఫ్టులోనే, అంటే కేబిన్ తిరిగే నిలువు దారిలోనే ఇమిడిపోతుంది. ఇప్పుడు ఆ తరహా లిఫ్టులు చాలా కంపెనీలు చేస్తున్నాయి. కొత్త భవనమైతే అదే చూడండి.

ఇక వేగం. అమ్మేవాళ్లు వేగం గురించి గొప్పగా చెబుతారు. ఒక చిన్న లెక్క వేద్దాం. కింది నుంచి ఐదో అంతస్తుకు, అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున 15 మీటర్లు. సెకనుకు ఒక మీటరు వేగమైతే 15 సెకన్లు. ఒకటిన్నర మీటరైతే 10 సెకన్లు. వేగం అందుకోవడానికి, తగ్గడానికి పట్టే సమయం కలిపితే ఆ ఐదు సెకన్ల లాభం కూడా పూర్తిగా మిగలదు. అదే దారిలో ఒక్క అంతస్తులో తలుపు తెరుచుకుని, ఆగి, మూసుకోవడానికి దాదాపు అంతే పోతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. వేగానికి పెట్టే డబ్బు మంచి తలుపు యంత్రానికి పెట్టండి. తలుపు నిండా అడ్డంగా కిరణాలు పరిచే సెన్సర్‌కు పెట్టండి. అద్దాలకూ మెరుపు రేకులకూ కాదు.

కేబిన్ కొలత మీద మాత్రం రాజీ పడొద్దు. 630 కిలోలు మోసే లిఫ్టుకు కేబిన్ సాధారణంగా 1,100 మిల్లీమీటర్ల వెడల్పు, 1,400 లోతు. చక్రాల కుర్చీ, తోడుగా ఒక మనిషి పడతారు. స్ట్రెచర్ పట్టాలంటే 1,000 కిలోలు మోసే లిఫ్ట్ కావాలి, దాని లోతు 2,100. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేనప్పుడే ఈ తేడా తెలిసొస్తుంది. అప్పుడు షాఫ్టును పెద్దది చేయలేం.

ఇప్పుడు తలుపుల దగ్గరికి వస్తాను.

ఆరు చోట్ల ఆగే లిఫ్ట్ అనుకుందాం. ఆగే ప్రతి చోటా ఒక తలుపు, కేబిన్‌కు ఒకటి, మొత్తం ఏడు. బయటి తలుపులకు లాకులు, అన్నిటికీ కరెంటు కాంటాక్టులు. తలుపు పూర్తిగా మూసుకుని లాకు పడితేనే కాంటాక్టు కలుస్తుంది. ఇవన్నీ ఒకే సర్క్యూట్లో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒక్కటి కలవకపోయినా లిఫ్ట్ కదలదు. ఏడింటిలో ఏ ఒక్కటైనా సరే.

నాలుగో అంతస్తులో గడప గాడిలో చిన్న రాయి పడింది. తలుపు వేలెడు దూరంలో ఆగింది. లాకు పడలేదు. లిఫ్ట్ ఆగింది. చెడిపోయిందని అందరూ అన్నారు. నిజానికి అది చేయాల్సిన పనే చేసింది. మెకానిక్ వచ్చాడు. మెట్ల దగ్గర పెద్దవాళ్లు, సంచులు పట్టుకున్నవాళ్లు, ఏడుస్తున్న పసిపిల్లలు. "ముందు నడిపించవయ్యా, తర్వాత చూసుకోవచ్చు" అని నలుగురూ మీద పడ్డారు. అతను లిఫ్టును నడిపించే కరెంటు పెట్టె, అంటే కంట్రోలర్ తెరిచి, తలుపుల సర్క్యూట్‌కు ఒక చిన్న తీగ ముక్క అడ్డం పెట్టి షార్ట్ చేశాడు. లిఫ్ట్ కదిలింది. లోపం తలుపుల్లోనే ఉందని తేలింది. తర్వాత ఆ తీగ తీసేసి, ఏడింటిలో ఏదో వెతకాలి. ఇంతలో ఇంకో చోటి నుంచి ఫోను. తీగ అలాగే ఉండిపోయింది.

లిఫ్ట్ నడుస్తోంది. అందరికీ సంతోషం. కానీ ఆ లిఫ్ట్ ఇప్పుడు తలుపు తెరిచి ఉన్నా కదులుతుంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉన్నా కదులుతుంది. నాలుగో అంతస్తులో కేబిన్ లేకపోయినా తలుపు లాగితే వస్తుంది. లోపల ఏమీ ఉండదు.

ఇలాంటి తీగ పని తెలిసే, 2014లో వచ్చిన ఈఎన్ 81-20 అనే యూరప్ ప్రమాణం కంట్రోలర్‌లోనే దానికోసం ఒక బైపాస్ స్విచ్ పెట్టమంది. అది వేస్తే మామూలు బటన్లు పనిచేయవు. మెకానిక్ వాడే ప్రత్యేక మీటలతోనే కదులుతుంది. కదిలినంతసేపూ అలారం మోగుతుంది, కేబిన్ కింద లైటు వెలిగి ఆరుతుంటుంది. కొత్త లిఫ్ట్ కొంటుంటే ఇది ఉందా అని అడగండి. పాతదైతే మెకానిక్‌ను అడగండి: "తీగ తీసేశారా? ఏ అంతస్తు తలుపు? ఏమైంది?" బాగైంది అన్న ప్రతిసారీ అడగండి. విసుక్కున్నా అడగండి. తలుపు లాకు తీస్తే లిఫ్ట్ ఆగుతోందా అన్నది అతన్నే చేసి చూపించమనండి. మీరు చేయొద్దు. బయటి తలుపుల లాకు తీసే మూడు మూలల తాళంచెవి మేకుకు వేలాడదీసి, వచ్చినవాళ్లకల్లా ఇవ్వొద్దు. శిక్షణ ఉన్నవాళ్ల దగ్గరే ఉండాలి.

కేబిన్ రెండు అంతస్తుల మధ్య ఆగితే తలుపు బలవంతంగా తెరిచి దూకకండి. కేబిన్ అడుగుకూ కింది గడపకూ మధ్య ఖాళీ ఉంటుంది, కాలు జారితే షాఫ్టులోకే. లోపల గాలి ఆడుతుంది, ఊపిరాడదేమోనని భయపడక్కర్లేదు. అలారం బటన్ నొక్కి ఆగండి.

రోజువారీ పని చాలా చిన్నది. ప్రతి అంతస్తులో గడప గాడిని పొడి బ్రష్‌తో ఊడ్చండి. నీళ్లు పోసి కడగొద్దు. ఆ నీళ్లు షాఫ్టులోకి కారి తుప్పు పట్టిస్తాయి, షాఫ్టు అడుగున ఉండే గుంటలో నిలుస్తాయి. తలుపు మూసుకోబోతుంటే కాలో సంచో అడ్డం పెట్టడం మానండి. సర్వీసు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు తలుపు రోలర్లు, గాడిలో జారే షూలు అందులో ఉన్నాయా, కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చే పరికరం బ్యాటరీ ఎవరు మార్చాలి అని చదువుకోండి. కంట్రోలర్ కంపెనీవాళ్లకే తెరుచుకుంటుందా, వేరే మెకానిక్ చూడగలడా అన్నది మాత్రం కొనకముందే తేల్చుకోండి.

ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, ఏ అంతస్తు, ఏ తలుపు, ఏం చేశారు. ఒకే అంతస్తు మళ్లీ మళ్లీ కనిపిస్తే గాడి ఊడిస్తే సరిపోదు. ఎవరో సామాను బండితో గుద్ది తలుపు పలకను వంచి ఉంటారు, లేదా రోలర్లు అరిగి ఉంటాయి. ఆ పేజీ మెకానిక్‌కు చూపించి, ఆ తలుపును విప్పి చూడమనండి.

సెలవు. నమస్కారం.