లో మంథాంగ్‌లో మన ఊరి పేరు

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచిన మిత్రులు "ట్రెకింగ్ గురించి చెప్పండి, కుర్రాళ్లకు ఊపొస్తుంది" అన్నారు. నాకు యాభై ఎనిమిదేళ్లు. దిగుడు దారి కనబడితే మోకాళ్లు ముందే మూలుగుతాయి. కాబట్టి ఊపు సంగతి వదిలేసి, ఎగువ ముస్తాంగ్‌లో చూసిన నాలుగు సంగతులు చెబుతాను. వాటిలో గుంటూరు సంగతి కూడా ఒకటుంది.

ముస్తాంగ్ నేపాల్‌కు ఉత్తరాన, టిబెట్ సరిహద్దులో ఉంది. మనవాళ్లు సగం దూరం ఎలాగూ వెళ్తూనే ఉన్నారు. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటైన ముక్తినాథ్ ఆ జిల్లాలోదే. మన పూజగదుల్లోని సాలగ్రామాలు అక్కడి కాళీగండకీ నదిలో దొరికేవే. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేది. ఆ సముద్రపు జీవుల శిలాజాలే అవి. కాగ్‌బేని దగ్గర కుడికి తిరిగితే ముక్తినాథ్. నదిని పట్టుకుని నేరుగా పైకి పోతే 'లో' అనే పాత రాజ్యం. దాని రాజధానే లో మంథాంగ్. టిబెటన్ ఖంపా యోధులు 1960 నుంచి 1974 దాకా ఈ ప్రాంతం నుంచే చైనా సైన్యంతో పోరాడారు. విదేశీయులను 1992లో గానీ రానివ్వలేదు. ఇప్పటికీ ప్రత్యేక పర్మిట్ కావాలి.

ఆ నేల పచ్చగా ఉండదు. అన్నపూర్ణ, ధవళగిరి వానమబ్బులను దక్షిణానే ఆపేస్తాయి. వెనక మిగిలేది మట్టి, గాలి. పొద్దున పదకొండు దాటిందంటే కాళీగండకీ లోయలో గాలి లేస్తుంది, అది మనిషిని పక్కకు తోసేస్తుంది. అందుకే అక్కడివాళ్లు తెల్లారకుండానే బయల్దేరతారు. మా గైడు కుర్రాడు రోజుకు వందసార్లు "బిస్తారై, బిస్తారై" అనేవాడు, అంటే మెల్లగా అని. నేను వినలేదు. మూడో రోజు హుషారుగా ఒకేసారి ఎక్కువ ఎత్తు ఎక్కేశాను. ఆ రాత్రి తల పగిలిపోతుందేమో అనిపించింది, అన్నం సయించలేదు. పొద్దున్నే కిందికి దించాడు. ఒక రోజు పోయింది. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెరగకూడదు. కుర్రాళ్లకు ట్రెకింగ్ పాఠం ఇంతే.

ఘమీ ఊరు దాటగానే పొడవైన మణిగోడ ఉంటుంది. మంత్రాలు చెక్కిన రాళ్లను పేర్చి కట్టిన గోడ. టిబెట్‌కు బౌద్ధం తెచ్చిన గురువు పద్మసంభవుడు ఒక రాక్షసిని చంపితే ఆమె పేగులే ఈ గోడ అయ్యాయని, రక్తం పడి ధాక్‌మార్ కొండలు ఎర్రబడ్డాయని చెబుతారు. ఆ కొండలు చూస్తే నమ్మాలనిపిస్తుంది. గోడకు కుడిభుజం ఇచ్చి నడవాలి. మనకిది ఎవరూ నేర్పక్కర్లేదు, ప్రదక్షిణే కదా. బోన్ అనే పాత టిబెటన్ మతం వాళ్లు మాత్రం దీనికి ఎదురు దిశలో తిరుగుతారు.

ఆ ఇళ్లలో ఇచ్చే వెన్న చాయ్‌ని చాయ్ అనుకుంటే గొంతు దిగదు. ఉప్పు వేసిన చారు అనుకోండి, బాగుంటుంది. కప్పు ఖాళీ చేస్తే మళ్లీ నింపుతారు, వద్దనుకుంటే నిండుగా వదిలేయాలి. నాకిది నాలుగో కప్పుకు తెలిసింది. త్సంపా అంటే వేయించిన బార్లీ పిండి, మన పేలపిండి వరస. ఇంటి కప్పు మీద చుట్టూరా కట్టెలు పేర్చి ఉంటాయి. మంట కోసమని చేయి వేయబోయాను, మా గైడు ఆపేశాడు. చెట్టే లేనిచోట కట్టె అంటే బంగారం. పొయ్యిలోకి వెళ్లేది పేడ పిడకే.

లో మంథాంగ్ ఎత్తు 3,840 మీటర్లు. చుట్టూ మట్టి ప్రాకారం, లోపల పదిహేనో శతాబ్దపు ఆలయాలు. నాకు బాగా గుర్తుండిపోయింది ఆ గోడల మీది బొమ్మల గొడవ. పొగ, తేమ పట్టి దేవతల బొమ్మలు పాడైపోయాయి. విదేశీ నిపుణులు ఊరివాళ్లకే పని నేర్పించి బాగుచేయించారు. అయితే పూర్తిగా రాలిపోయిన చోట్ల ఏం చేయాలి? పాతదాన్ని ఉన్నంతవరకే కాపాడాలి, కొత్తగా గీయకూడదన్నది కళాచరిత్ర పండితుల మాట. ముఖం లేని దేవుడికి దణ్ణం ఎలా పెడతామన్నది ఊరివాళ్ల మాట. చివరికి ఊరివాళ్ల మాటే నెగ్గింది, చాలాచోట్ల కొత్తగా గీశారు. దీని మీద పండితులు ఇంకా విమర్శిస్తూనే ఉన్నారు. విరిగి భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదనే ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకు ఊరివాళ్లదే న్యాయం అనిపించింది. అది వాళ్లకు మ్యూజియం కాదు, గుడి.

ఆ ఆలయంలో ఒక పెద్దాయన, లామా, "ఎక్కడి నుంచి?" అని అడిగారు. ఇండియా అన్నాను. "ఇండియాలో?" గుంటూరు అంటే తెలియలేదు. అమరావతి అన్నా తెలియలేదు. సెల్‌ఫోన్‌లో స్తూపం ఫొటో చూపించి, అమరావతి పాత పేరు "ధాన్యకటకం" అన్నాను. మా గైడుతో ఏదో మాట్లాడుకుని, "ద్రెపుంగ్! పల్దెన్ ద్రెపుంగ్!" అని నా రెండు చేతులూ పట్టుకున్నారు. ద్రెపుంగ్ అంటే వడ్ల రాశి, మన ధాన్యకటకానికి టిబెటన్ పేరు. బుద్ధుడు కాలచక్ర తంత్రం అనే బౌద్ధ సాధన మార్గాన్ని మొదట ఇక్కడే బోధించాడని వాళ్ల నమ్మకం. 1416లో లాసా దగ్గర కట్టిన మహావిహారానికి పెట్టుకున్న పేరు కూడా ఇదే. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో ఆ కాలచక్ర దీక్షా ఉత్సవం జరిపించినప్పుడు నేను ట్రాఫిక్ జామ్ అని విసుక్కున్నాను. మీలో కొందరైనా విసుక్కునే ఉంటారు. ఇంటి నుంచి గంట ప్రయాణం, నేను అక్కడికి వెళ్లి పదేళ్లు దాటింది. ఆ మాట లామాగారికి చెప్పలేదు.

మేం దిగిన ఇంటావిడకు హిందీ బాగా వచ్చు. చలికాలంలో ఆ 'లో' ప్రాంతపు జనంలో చాలామంది ఊరొదిలి కిందికి దిగుతారు. కొందరు మన దేశంలో స్వెట్టర్లు అమ్ముకుంటారు. "మీరే అల్లుతారా?" అని అడిగాను. పడీపడీ నవ్వింది. లూథియానాలో హోల్‌సేల్‌గా కొంటారట. "మీవాళ్లు బేరం ఎక్కువ ఆడతారు అన్నా, మూడొందల సరుకు నూటయాభైకి అడుగుతారు" అంది. రాజ్యం పోయింది, 2008లో రాజుగారి బిరుదూ పోయింది, నీళ్లు ఎండిపోయి కొన్ని ఊళ్లు ఉన్నచోటు నుంచి లేచిపోయాయి. వాటన్నిటి గురించీ ఒక్క మాటలో తేల్చేసింది. మన బేరాల గురించి మాత్రం అరగంట చెప్పింది.

పోయిన డిసెంబరులో మన బజారులో స్వెట్టర్లు పెట్టుకుని కూర్చున్న ఒకావిణ్ణి మీదే ఊరని అడిగాను. కర్ణాటకలోని బైలకుప్పె అంది, అక్కడే పుట్టిందట. ముస్తాంగ్ పేరు వినలేదంది. ఊలు టోపీ రెండొందల యాభై చెప్పింది. మారుమాట లేకుండా ఇచ్చేశాను. ఆమె నోటును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.