కొట్టేసిన చోట ఒక వాక్యం

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు ఏదైనా కొత్త ఫీచర్ గురించి చెప్పమన్నారు. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే నోట్సులోంచి (డాక్యుమెంటేషన్ అంటాం) పాతవి తీసేయడం గురించి చెప్తానన్నాను. ఫోన్లో కాసేపు అవతలి నుంచి మాట లేదు. అయినా ఒప్పుకున్నందుకు థాంక్స్.

ఇక్కడే తిరుపతి బస్టాండుకు దగ్గర్లో నాకు తెలిసిన అన్న ఒకాయన డీటీపీ షాపు నడుపుతున్నాడు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేస్తాడు. షాపులో రెండు కంప్యూటర్లున్నాయి. ఒకదానిలో ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ, అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల కోసం అను ఫాంట్లు. "పదేళ్ల నాటి పత్రిక మళ్లీ తెరవాలంటే ఇదే గతి, ఆడతా ఉండేదాన్ని ఎందుకు మార్చాల నాయనా?" అంటాడు. ఆయన దగ్గర చిరునామాల ఫైళ్లు గందరగోళంగా ఉంటే సర్దిపెడదామని ఒకరోజు పెన్‌డ్రైవ్‌లో విమ్ తాజా వెర్షన్ తీసుకెళ్లాను, అది టెక్స్ట్ ఫైళ్లు దిద్దే ఎడిటర్. నడవలేదు. ఎక్స్‌పీలో పనిచేస్తుందని నోట్సులో స్పష్టంగా ఉంది కదా అని ఆయన ముందే నాకు టెన్షన్ మొదలైంది. ఆ నోట్సు ఎవరు రాశారంటే, నేనే. ఎన్నో ఏళ్ల క్రితం స్టూడెంట్స్ కోసం రాసి, తర్వాత మళ్లీ చూడలేదు.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న చేతులెత్తేసింది. విమ్ మాత్రం ఇంకో ఎనిమిదేళ్లు మోసింది, 2022 సెప్టెంబరులో 9.0.0496 ప్యాచ్‌తో, అంటే ఆ నంబరున్న చిన్న మార్పుతో, దించేసింది. తప్పు వాళ్లది కాదు. పాత మాటను తీయకుండా వదిలేసింది నేను.

ఇంటికొచ్చి కోపం మీద నోట్సు శుభ్రం చేయడానికి కూర్చున్నాను. ఎక్స్‌పీ అన్న చోటల్లా కొట్టేశాను. ఊపు ఆగలేదు, విండోస్‌కు ముందు నాటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ ఉంది కదా, ఆ మాటా వెతికి కొట్టేశాను. ఎంఎస్-డాస్ ఇప్పుడు ఎవరికి కావాలి చెప్పండి?

వారం తిరక్కుండానే ఒక అమ్మాయి వచ్చింది. "సార్, ఫైల్లో కొన్ని వరసల చివర టోపీ గుర్తు (^), దాని పక్కన ఎమ్ వస్తున్నాయి. నోట్సులో ఎక్కడా లేదు." ఉండేది. నేనే కొట్టేశాను.

ఇక్కడ టైప్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వెనకాల ఇద్దరు పెద్దవాళ్లు చెయ్యెత్తారు, బాగుంది. వరస చివర గంట మోగితే ఎడమ చేత్తో లీవరు తోసేవాళ్లం. ఆ ఒక్క తోపులో రెండు పనులు జరిగేవి: క్యారేజీ మొదటికి రావడం, కాగితం ఒక వరస పైకి జరగడం. టెలిప్రింటర్లలో ఆ రెండింటికీ రెండు వేర్వేరు సంకేతాలు. డాస్ ఆ రెండూ ఉంచుకుంది, విండోస్‌కు అదే వారసత్వంగా వచ్చింది. యూనిక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ రెండోదాన్ని మాత్రమే పెట్టుకుంది. పాత మ్యాక్ మొదటిదాన్ని పెట్టుకుంది. ఒకే ఫైల్లో రెండు రకాల వరసలు కలిస్తే, విమ్ దాన్ని యూనిక్స్ ఫైలుగా చదివి, మిగిలిపోయిన క్యారేజీ సంకేతాన్ని ఆ టోపీ, ఎమ్‌గా చూపిస్తుంది. ఆ ఫైలును డాస్ పద్ధతిలో మళ్లీ తెరువు అని చెప్తే అవి మాయమవుతాయి. అంటే డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు పోయింది, డాస్ అనే ఫైలు పద్ధతి మాత్రం ఈ ఉదయం మీరు తెరిచిన ఫైల్లోనే ఉండొచ్చు. పేరు ఒకటే, వస్తువులు రెండు.

మనకిది కొత్తేం కాదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వచ్చింది. షాపు బోర్డు మీద చిత్తూరు జిల్లా అని ఉంటే మార్చుకోవాలి, లేకపోతే కొరియర్ కుర్రాడు తిప్పలు పడతాడు. కానీ మా నాన్న కొన్న స్థలం దస్తావేజులో చిత్తూరు జిల్లా అనే ఉంది. దాన్ని దిద్దితే అది దస్తావేజే కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు కాగితాల్లో మన ఊరు ఉత్తర ఆర్కాటు. వాటినీ ఎవరూ దిద్దరు. బోర్డేదో దస్తావేజేదో తేల్చుకోవాలి, డాక్యుమెంటేషన్ శుభ్రం చేయడంలో కష్టమంతా అక్కడే ఉంది. వెతికి కొట్టేసే కమాండ్‌కు ఆ తేడా తెలియదు.

విమ్ వాళ్లు దీన్ని ఎలా చేశారో చూడండి, నాకు ముచ్చటేసింది. ఎంఎస్-డాస్ కోసం ఒక సహాయ ఫైలు విడిగా ఉండేది. 7.4.1399 ప్యాచ్‌తో డాస్ కోడ్ తీసేశారు. ఫైలును మాత్రం ఉంచారు, లోపలి సరుకంతా తీసేసి నాలుగు ముక్కలు మిగిల్చారు: మద్దతు ఫలానా ప్యాచ్‌లో తీసేశాం, కావాలంటే అంతకంటే పాత వెర్షన్ తెచ్చుకోండి, మామూలు డాస్ వెర్షన్‌కు మెమరీ చాలదు, 32 బిట్ వెర్షన్ పాత యంత్రాల్లో నడవచ్చు. అంతే. వెతుక్కుంటూ వచ్చినవాడికి ఇంతకు మించి ఏం కావాలి? ఓఎస్/2 అనే ఇంకో పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలూ అంతే, 7.4.1008లో తీసేశామని చెప్తుంది.

సెట్టింగుల జాబితాలో ఇంకో చిన్న సంగతి ఉంది. డాస్ కీబోర్డు కోసం ఉన్న కాన్స్‌కీ, బయోస్‌కీ అనే పేర్లు ఇంకా అందులో ఉన్నాయి, ఇది డాస్ కోసం ఉండేది, ఇప్పుడు లేదు అనే వాక్యంతో. పాత సెట్టింగుల ఫైలు మోసుకుంటూ తిరిగేవాళ్లు ఆ పేరు చూసి ఇదేంటని వెతుకుతారని వాళ్లకు తెలుసు. పైగా సహాయ ఫైళ్లు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒక పేరును పూర్తిగా పీకేస్తే, ఎక్కడో ఇంకో పేజీలో దాని మీద నొక్కినవాడికి ఎర్రర్ వస్తుంది. కాబట్టి తీసే ముందు ఆ పేరును ఎవరెవరు పిలుస్తున్నారో చూసుకోవాలి. విసుగు పుట్టించే పనే, నేను రెండుసార్లు మధ్యలో వదిలేశాను.

అన్నీ తీసేయాలనీ కాదు. విమ్‌ను బ్రామ్ మూలెనార్ మొదట అమీగా కంప్యూటర్ మీద రాశాడు, 1991లో బయటికి వచ్చింది కూడా అమీగా వాళ్లు పంచుకునే డిస్క్ మీదే. ఆ అమీగా సహాయ ఫైలు ఇప్పటికీ ఉంది, ఎందుకంటే ఆ కుటుంబపు సిస్టమ్‌లను వాడేవాళ్లు, కోడ్ చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్ అయితే డాస్‌ను ఇప్పటికీ వదల్లేదు. వయసు కాదు లెక్క, పరీక్షించి చూసే మనిషి ఉన్నాడా లేడా అన్నదే.

నా నోట్సులో ఇప్పుడు డాస్ ఫైలు పద్ధతి తిరిగొచ్చింది. ఎక్స్‌పీ అన్న చోట రెండు వాక్యాలున్నాయి: "2022 సెప్టెంబరు నుంచి విమ్ ఎక్స్‌పీలో నడవదు. ఎక్స్‌పీ ఉన్నవాళ్లు 8.0 వెర్షన్ వాడండి." 8.0ను నేనే తీసుకెళ్లి ఆ షాపులో ఎక్కించాను, చిరునామాలు సర్దాం. ఆ రెండు వాక్యాలూ ప్రింటు తీసి మానిటర్ అంచుకు అంటించి వచ్చాను. మొన్న వెళ్తే ఆ కాగితం కింద ఆయన తన చేత్తో ఇంకో వరస చేర్చి ఉన్నాడు: "ప్రింటర్ వైరు కదిలించొద్దు." నాకు రాని డాక్యుమెంటేషన్ అది.

ఇక మీరు అడగండి.