నక్షత్రం నడుమ నిమ్మతొన

శ్రోతలందరికీ నమస్కారం.

క్రిస్మస్ ఇంకా పది రోజులుంది. గుంటూరు బ్రాడీపేటలో మా లైను ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఇళ్ళ ముందు నక్షత్రాలు వేలాడుతున్నాయి. రాత్రి తొమ్మిది దాటాక క్యారల్స్ వాళ్ళు వస్తే, పడుకున్న పిల్లలు కూడా కళ్ళు నులుముకుంటూ గుమ్మంలోకి వచ్చేస్తున్నారు. అరిసెలకి బియ్యం ఎప్పుడు నానబోయాలన్న చర్చ మా ఇంట్లో నిన్ననే మొదలైంది. నేను మాత్రం ఇవాళ అరిసెల గురించి కాకుండా బిస్కెట్ల గురించి చెబుదామని వచ్చాను. చెబుతూ చెబుతూ మళ్ళీ అరిసెల దగ్గరికే చేరతాను, అది వేరే సంగతి.

రేడియోలో చూపించడం కుదరదు కాబట్టి ముందు ఆ బిస్కెట్ ఎలా ఉంటుందో చెప్పాలి. అరచేతిలో సగం ఉండే నక్షత్రం. దాని నడుమ రూపాయి బిళ్ళంత కంత. ఆ కంత నిండా ఎర్రగానో, పచ్చగానో, నారింజ రంగులోనో గాజు పలక లాంటిది ఉంటుంది. నిజానికి అది గాజు కాదు, కరిగి గట్టిపడిన పిప్పరమెంటు. లైటుకి ఎదురుగా పట్టుకుంటే చర్చి కిటికీ రంగుటద్దంలోంచి ఎండ దిగినట్టు ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళు దీనికి ఆ కిటికీ పేరే పెట్టారు, స్టెయిన్డ్ గ్లాస్ కుకీ అని.

నిరుడు మా ఆడపడుచు కూతురు సెలవులకి హైదరాబాద్ నుంచి వచ్చింది. బ్యాగు కింద పెట్టకుండానే, "అత్తా, ఈసారి మనం స్టెయిన్డ్ గ్లాస్ కుకీలు చేద్దాం" అంది. కుకీ అంటే ఏంటని మా అత్తయ్య అడిగారు. "బిస్కెట్టే అమ్మమ్మా" అంది పిల్ల. "ఆ మాట మొదలే అనొచ్చుగా" అన్నారావిడ.

మా చిన్నప్పుడు బిస్కెట్లు ఇంట్లో కాల్చుకోవడం లేదు. మైదా, పంచదార, డాల్డా సంచిలో పెట్టుకుని బేకరీకి వెళితే, కూలి తీసుకుని కాల్చి ఇచ్చేవాళ్ళు. వేడి రేకు డబ్బాని సైకిల్ వెనక కట్టుకుని వస్తుంటే దారి పొడుగునా వాసనే. కేకు మాత్రం మా అత్తయ్య ఇంట్లోనే చేసేవారట. పెద్ద గిన్నెలో ఇసుక పోసి, అందులో కేకు గిన్నె పెట్టి, కింద బొగ్గుల కుంపటి, పైన మూత మీద నిప్పులు. వేడి ఎంతుందో చూడ్డానికి మూత దగ్గర చెయ్యి పెట్టేవారట, అంతే. అలాంటి మనిషి ముందు మేము ఓటీజీ అనే కరెంటు పొయ్యి పెట్టుకుని, టెన్షన్ పడుతూ మొదలుపెట్టాం.

మొదటి దెబ్బ బజారులోనే తగిలింది. "రంగురంగుల చాక్లెట్లు తీసుకురా మామయ్యా" అని పిల్ల చెప్పింది. మావారు పట్నం బజారు వెళ్ళి పెద్ద పొట్లంతో వచ్చారు. విప్పి చూస్తే సగం పాల టాఫీలు, సగం అసలు సిసలు చాక్లెట్లు. "రంగురంగులవే తెచ్చానుగా" అన్నారు. రంగు కాగితాలకే ఉంది మరి! ఆయన తప్పేమీ లేదు. చప్పరించేదైనా, నమిలేదైనా, పళ్ళకి అంటుకుని చంపేదైనా మనకి అన్నీ చాక్లెట్లే. ఈ బిస్కెట్‌కి కావాల్సింది గట్టి బిళ్ళ. నిమ్మతొనలు, నారింజ తొనలు అని అమ్ముతారే, అవి. కొనేముందు ఒకటి విప్పి వెలుతురుకి పట్టి చూడండి. అవతలి వెలుతురు కనబడితే పనికొస్తుంది. పాలు, వెన్న కలిసినవి కరుగుతాయి గానీ అద్దంలా నిలవవు, మసగ్గా ఉండిపోతాయి.

పిండి సంగతి తేలిక. పావు కిలో మైదా, 125 గ్రాముల వెన్న, 100 గ్రాముల పంచదార పొడి, ఒక గుడ్డు పచ్చసొన, చిటికెడు ఉప్పు. వెనిలా వేసే చోట నేను రెండు యాలకులు దంచి వేస్తాను, నాకు అదే ఇష్టం. వెన్న, పంచదార బాగా కలిపాక మిగతావి వేసి, ముద్ద కాకపోతే ఒకటి రెండు చెంచాల పాలు చిలకరించాలి. చపాతీ పిండిలా మర్దించకూడదు, బిస్కెట్ గట్టిపడుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, పావు అంగుళం మందాన వత్తుకోవాలి. నక్షత్రం అచ్చు బజార్లో దొరికింది. నడిమి కంతకి అంత చిన్న అచ్చు దొరకలేదు. మావాడు దగ్గుమందు సీసాతో వచ్చే చిన్న కొలత మూత తెచ్చిచ్చాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది!

మొదటి వాయిలో పిల్ల తొందరపడింది. పచ్చి పిండి కంతలోనే బిళ్ళల ముక్కలు పోసి, పన్నెండు నిమిషాలు పెట్టేసింది. పిండి కాలే లోపు పిప్పరమెంటు కరిగి, పొంగి, నురగలు కక్కి, అంచులు మాడి తారులా తయారైంది. పైగా ట్రేలో కాగితం వెయ్యలేదు. చాకుతో గీకితే నక్షత్రాల కాళ్ళు విరిగాయి గానీ బిళ్ళ ఊడి రాలేదు. అంటుకున్న ట్రేని చివరికి వేడినీళ్ళలో నానబెట్టాల్సి వచ్చింది.

రెండో వాయిలో దారికొచ్చాం. ట్రేలో బటర్ పేపర్ వేసి, ఉత్త నక్షత్రాలని 175 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు కాల్చాం. అప్పుడు బయటికి తీసి, రోట్లో నలగ్గొట్టిన బిళ్ళల ముక్కలు కంతలో పోసి, మళ్ళీ మూడు నాలుగు నిమిషాలు పెట్టాం. కరిగి పరుచుకోగానే తీసెయ్యాలి. ట్రే మీదే పూర్తిగా చల్లారనివ్వాలి. కరిగిన పిప్పరమెంటు నూనె కంటే మొండిది, వేలికి తగిలితే అంటుకుపోయి కాలుస్తుంది. అందుకే పిల్లల పని బిళ్ళలు దంచడం వరకే. ఇంకో మాట, రంగులు కలపొద్దు. ఎరుపు, పచ్చ కలిపితే అందంగా ఉంటుందని మావాడు ఒక కంతలో రెండూ పోశాడు. అది బురద రంగుకి తిరిగింది.

అప్పుడే మా మేనకోడలు ఫోన్లో చూసి అమ్మమ్మకి పాఠం మొదలుపెట్టింది. "ఈ బిళ్ళలు ఎలా చేస్తారో తెలుసా? పంచదార, లిక్విడ్ గ్లూకోజ్ కలిపి దాదాపు 150 డిగ్రీల దాకా మరగబెడతారు. నీళ్ళన్నీ ఇగిరిపోయి, చల్లారాక గాజులా గట్టిపడుతుంది." అత్తయ్య విన్నారు. "ముదురు పాకం అని చెప్పడానికి ఇంత కథా?" అన్నారు.

నాకు అప్పుడు తట్టింది. అరిసెలకి పట్టే ఉండపాకం 115 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ. నీళ్ళలో చుక్క వేస్తే వేళ్ళ మధ్య మెత్తటి ఉండవుతుంది. అదే పొయ్యి మీద ఇంకాసేపు ఉంచితే వేరుశెనగ పట్టీకి పట్టే ముదురు పాకం. ఇంకా పైకి పోతే పిప్పరమెంటు. ఒకే మెట్ల మీద ఒకటి కింద ఒకటి కూర్చున్నాయి. ఆ మాటకొస్తే, నక్షత్రాల బిస్కెట్లు మా ఊరికి ఎప్పుడో రావాల్సింది. హయ్యర్ దొరగారనే క్రైస్తవ మిషనరీ 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ పెట్టారు. ఆయన పుట్టింది జర్మనీలో. డిసెంబర్‌లో అక్కడి ఇళ్ళల్లో దాల్చినచెక్క వేసి నక్షత్రాల బిస్కెట్లు చేసుకుంటారు. మిషన్ వచ్చింది, చర్చీలొచ్చాయి, కాలేజీ వచ్చింది. పండగ పిండివంట మాత్రం మా ఇళ్ళల్లో అరిసే. ఆ పాకం పట్టిన చేతులకి ఈ బిళ్ళ కొత్తేమీ కాదు.

అది ఆ సాయంత్రమే రుజువైంది. ఇంకా డజను నక్షత్రాలు ఖాళీ కంతలతో ఉండగా బిళ్ళలు అయిపోయాయి. దంచమని మావాడికిస్తే దంచినంతా పోసి, మిగిలినంతా తినేశాడు. బటర్ పేపర్ కూడా అయిపోయింది. అప్పటికి కొట్లు మూసేశారు. అత్తయ్య లేచి చీర కుచ్చిళ్ళు దోపుకున్నారు.

మందపాటి గిన్నెలో గ్లాసు పంచదార, పావు గ్లాసు నీళ్ళు. అందులో నిమ్మరసం నాలుగు చుక్కలు. పాకం మళ్ళీ పంచదారై పలుకులు కట్టకుండా ఆ పులుపు ఆపుతుంది. ఫ్యాక్టరీలో లిక్విడ్ గ్లూకోజ్ చేసే పని కూడా అదే. ఎక్కువ పిండితే మాత్రం చల్లారాక కూడా జిగురు వదలదు. పెద్ద పళ్ళేనికి నెయ్యి రాసి నక్షత్రాలు పేర్చమన్నారు. పాకం మరుగుతుంటే పిల్ల థర్మామీటర్ లేదే అని బెంగపడుతోంది. అత్తయ్య గిన్నెడు చన్నీళ్ళలో ఒక చుక్క వేసి, గట్టిపడ్డ దాన్ని తీసి పళ్ళెం అంచుకి కొట్టారు. చప్పుడు రాలేదు. ఇంకో నిమిషం ఆగి మళ్ళీ వేశారు. ఈసారి టంగుమంది. "దించు, దించు" అన్నారు. గరిటె అంచుతో ఒక్కో కంతలో సన్నగా పోసుకుంటూ పోయారు. నేను పోసుంటే సగం పళ్ళెంలోకే పోయేది.

ఆ డజను చల్లారాక లేత తేనె రంగులో నిలిచాయి. కొన్న బిళ్ళల ఎరుపూ పచ్చా వాటి ముందు తేలిపోయాయని నా అభిప్రాయం. మా మేనకోడలు ఒప్పుకోలేదు. ఫోటోలు మాత్రం వాటికే ఎక్కువ తీసింది.

నిలవ గురించి ఒక జాగ్రత్త. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. బిళ్ళ ఆ తేమని పీల్చుకుని మర్నాటికే జిగట జిగటగా అయిపోతుంది. పూర్తిగా చల్లారాక, మూత గట్టిగా పట్టే డబ్బాలో వరసకీ వరసకీ మధ్య కాగితం వేసి పెట్టాలి. మేము కొన్నిటికి దారం కట్టి, ముందుగదిలో పెట్టిన సరుగుడు కొమ్మకి వేలాడదీశాం. రాత్రి లైట్లు వేస్తే ఎంత బాగుందో! పొద్దున లేచేసరికి గోడ మూల నుంచి కొమ్మ చివరిదాకా చీమల బారు. వేలాడదీసేవి ఆ పూటకా పూట వేలాడదీసి తినెయ్యడమే మేలు.

పండగ రోజు అరిసెలతో పాటు రెండేసి నక్షత్రాలు పెట్టి చుట్టుపక్కల ఇళ్ళకి పళ్ళేలు పంపాం. ఎదురింటి పెద్దాయన ఒకటి కళ్ళజోడుకి అడ్డంగా పెట్టుకుని, "అమ్మాయ్, వీధంతా బంగారమైపోయింది" అన్నారు. సంక్రాంతికి వాళ్ళింటి నుంచి మా పళ్ళెం నిండా అరిసెలొచ్చాయి. పాకం కొంచెం ముదిరింది గానీ, ఆ మాట ఇక్కడే అంటున్నాను. వాళ్ళు రేడియో వినరనే నమ్మకంతో.

ఈ ఏడు మా మేనకోడలు 23న వస్తానంది. మొన్న ఆదివారం వంటింటి డబ్బాలు దులుపుతుంటే ఆ దగ్గుమందు మూత ఎక్కడా కనబడలేదు. అత్తయ్యని అడిగాను. కళ్ళజోడు పెట్టె తెరిచి, మెత్తటి గుడ్డలో చుట్టి దాచిన మూత తీసి చూపించారు. నా చేతికి మాత్రం ఇవ్వలేదు. "ఇది నా దగ్గరుండనీ. నువ్వు ముందు నిమ్మకాయలు తెప్పించు" అన్నారు.

సెలవు. నమస్కారం.