పాతిక సిక్లిడ్లు, నాలుగడుగుల ట్యాంకు, మా బావ

హోస్ట్: ఆయ్, నమస్కారమండి. ఈ వారం ఆకివీడు దగ్గర మా అక్క వాళ్ళింట్లో, హాల్లో కూర్చుని రికార్డు చేస్తున్నాం. వెనకాల గుడగుడ వినిపిస్తే మైకు తప్పు కాదు, మా బావ అక్వేరియం అది. బావకి రొయ్యల చెరువులున్నాయి. అవి చాలనట్టు ఇంట్లో కూడా నీళ్ళే. బావా, ఇన్ని చేపలేంటి? తీర్థంలా ఉంది.

బావ: పాతిక. ఎంబూనా అంటారు, ఆఫ్రికాలో మలావీ సరస్సులో రాళ్ళ సందుల్లో బతికే సిక్లిడ్ చేపలు. ఇలా కిక్కిరిసి ఉండడం కావాలని చేసిందే. మొదట్లో ఆరే తెచ్చాను, రంగుకొకటి. అందులో ఆరాటస్ అని ఒకటి. కొన్నప్పుడు పసుప్పచ్చగా, నల్ల చారలతో పెళ్ళికూతురిలా ఉంది. కొన్ని నెలలకి ఒళ్ళంతా నల్లబడింది. అంటే మగది. ఇక ట్యాంకంతా నాదే అంది. మిగతా ఐదూ తోకలు చిరిగిపోయి ఫిల్టర్ పైపు వెనకాల నక్కాయి. మీ అక్క చూడలేక అద్దం మీద తువ్వాలు కప్పేసింది.

హోస్ట్: పాతికైతే కొట్టుకోవా?

బావ: ఎందుకు కొట్టుకోవు? కాకపోతే ఒకదాన్నే పట్టుకుని తరమడం కుదరదు, మధ్యలో ఇంకోటి అడ్డమొస్తుంది. ఇప్పుడున్నవి మూడు జాతులు: ఎలక్ట్రిక్ ఎల్లో, రస్టీ, ఏసీ (acei). ఒకదానికొకటి పోలిక ఉండకూడదు, పోలికుంటే పోటీ అనుకుంటాయి. పిల్లప్పుడు మగా ఆడా తెలీదు కాబట్టి జాతికి పదేసి పన్నెండేసి తెచ్చి, పెరిగాక ఎక్కువైన మగవాటిని తీసేశాను. ఒక మగదానికి మూడు, నాలుగు ఆడవి ఉండాలి. ఆరాటస్‌ని మాత్రం మళ్ళీ గడప తొక్కనివ్వలేదు.

హోస్ట్: ఫిల్టర్ ఎంతది కావాలి? షాపులో అడిగితే ఎన్ని చేపలు అని లెక్కేసి ఒకటి చేతిలో పెడతారు.

బావ: చేపల లెక్క కాదురా, మేత లెక్క చూడాలి. రోజుకి 10 గ్రాములు వేశావనుకో. 40 శాతం ప్రొటీన్ అంటే 4 గ్రాములు. ప్రొటీన్‌లో 16 శాతం నత్రజని, అంటే 640 మిల్లీగ్రాములు. సగమే అమ్మోనియాగా నీళ్ళలో కలిసిందనుకున్నా 320. నా ట్యాంకులో 230 లీటర్లుంటాయి. అంటే లీటరుకి దాదాపు 1.4 మిల్లీగ్రాములు, అదీ ప్రతిరోజూ! చెరువులో ఆ రీడింగ్ వస్తే నాకు నిద్ర పట్టదు.

హోస్ట్: వీటికి పీహెచ్ కూడా ఎక్కువే ఉండాలిగా?

బావ: అసలు టెన్షన్ అక్కడే. మలావీ నీళ్ళు 8 చుట్టుపక్కల ఉంటాయి. పీహెచ్ 7 నుంచి 8కి పోతే అమ్మోనియాలో విషంగా మారే వాటా దాదాపు పదింతలవుతుంది. మన ఎండలకి నీళ్ళు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. అందుకే గంటకి ఎనిమిది, పదిసార్లు ట్యాంకు నీళ్ళు ఫిల్టర్లో తిరగాలంటారు. నాకైతే గంటకి రెండు వేల లీటర్లకి అటూ ఇటూగా. డబ్బా మీద అంకె నమ్మకు, లోపల ఏమీ నింపనప్పటి స్పీడది. నేను ఒక కానిస్టర్, అంటే ట్యాంకు బయట పెట్టే డబ్బా ఫిల్టర్, దానికి తోడు గాలి పంపుతో నడిచే రెండు స్పాంజి ఫిల్టర్లు పెట్టాను. ఆ గుడగుడ వాటిదే.

హోస్ట్: సంక్రాంతి కథ చెప్పించమని అక్క మరీ మరీ చెప్పింది.

బావ: ఎందుకు చెప్పదు! అప్పటికి స్పాంజి ఫిల్టర్లు లేవు. పండక్కి చుట్టాలొస్తున్నారు, ట్యాంకు తళతళలాడాలని భోగి ముందురోజు కానిస్టర్ విప్పాను. స్పాంజీలు, సిరామిక్ రింగులు అన్నీ కుళాయి కింద పెట్టి జిగురు పోయేదాకా రుద్దాను. ఆ జిగురే కదా అమ్మోనియాని మార్చే బాక్టీరియా! చెరువుకి డబ్బులు పోసి ప్రోబయోటిక్ కొంటాను, ఇంట్లో ఊరికే పెరిగిన దాన్ని క్లోరిన్ నీళ్ళతో కడిగి పారేశాను. కనుమ పొద్దున్న చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళేమో అద్దంలా ఉన్నాయి. చెరువు గట్టు మీది కిట్ తెచ్చి చుక్కలు వేస్తే, పసుపుగా ఉండాల్సిన గొట్టం ముదురాకుపచ్చకి తిరిగింది. ఏడు పోయాయి. చుట్టాలు గారెలు తింటూ చూశారు.

హోస్ట్: ఇప్పుడెలా కడుగుతున్నావు?

బావ: నీళ్ళు మార్చేటప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్ళు బకెట్లో ఉంటాయిగా, అందులో స్పాంజిని నాలుగుసార్లు పిండుతాను. ఒక్కసారికి ఒక్కటే. ఇంకోటి, ఫిల్టర్ అమ్మోనియాని నైట్రేట్ చేసి వదిలేస్తుంది, బయటికి పంపదు. ఇందాకటి మేతకి నైట్రేట్ రోజుకి లీటరుకి 6 మిల్లీగ్రాములు తేలుతుంది. వారానికి 40 పైనే. అందుకే మేత సగం చేశాను, ఆదివారం ఆదివారం సగం నీళ్ళు మారుస్తాను. ఎంబూనాల్లో ఎక్కువ రకాలు రాళ్ళ మీద నాచు గీక్కుని తినేవే. రొయ్యల్లా బరువు పెంచి అమ్ముతామా ఏంటి? స్పిరులినా మేత చాలు. ఎక్కువ ప్రొటీన్ పెడితే పొట్టలుబ్బుతాయంటారు.

హోస్ట్: మన బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కదా, ఆఫ్రికా చేపలకి పనికొస్తాయా?

బావ: ఉప్పదనం వేరు, ఆల్కలినిటీ వేరు. ఆల్కలినిటీ అంటే పీహెచ్ పడిపోకుండా నీళ్ళు పట్టి ఉంచే గుణం. మలావీ మంచినీళ్ళ సరస్సు. అలాగని ఆర్వో టిన్ను నీళ్ళు పోసినా ఇబ్బందే. ఒక మిల్లీగ్రాము అమ్మోనియాని మార్చడానికి బాక్టీరియా ఏడు మిల్లీగ్రాముల ఆల్కలినిటీ తినేస్తుంది. ఆర్వోలో తినడానికి ఏముంటుంది? పీహెచ్ జారిపోతుంది. నేను కుళాయి నీళ్ళు పట్టి, క్లోరిన్ పోవడానికి థయోసల్ఫేట్ కలిపి పోస్తాను. ఆల్కలినిటీ తగ్గకుండా కానిస్టర్లో ఆల్చిప్పల ముక్కలు చిన్న సంచిలో వేశాను.

హోస్ట్: మరి కరెంటు పోతే?

బావ: చెరువులో ఏరియేటర్లకి జనరేటర్ ఉన్నట్టే, దీనికి బ్యాటరీ ఎయిర్ పంపు. స్పాంజి ఫిల్టర్లకి తగిలిస్తే నడిచిపోతాయి. కానిస్టర్ మాత్రం గంటల తరబడి ఆగిందంటే లోపల గాలందక బాక్టీరియా చస్తుంది. కరెంటు రాగానే స్విచ్ వేస్తే ఆ కుళ్ళు నీళ్ళన్నీ ట్యాంకులోకే. ముందు విప్పి, ఆ నీళ్ళు పారబొయ్యాలి.

హోస్ట్: నేనూ నాలుగడుగులది కొన్నాను బావా. రేపు చేపలు తెచ్చేసుకోనా?

బావ: ఆగు. ఉత్త ట్యాంకులో ఆ బాక్టీరియా పెరగడానికి నెలా, నెలన్నర పడుతుంది. నా స్పాంజి ఒకటి తీసుకెళ్ళు. ఈ ట్యాంకు నీళ్ళలోనే ముంచి, కవర్లో కట్టిస్తాను, దారిలో ఎండనివ్వకు. వెళ్ళగానే నడుస్తున్న ఫిల్టర్లో పెట్టేయ్. మొదటి విడత ఎనిమిది పిల్లలు, అంతకు మించి వద్దు. రోజూ అమ్మోనియా చూసి నాకు ఫోన్ చెయ్.