లార్డ్ పీటర్ విమ్సీ సెట్ రివ్యూ: దొరగారి డిటెక్టివ్ సరదా

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ టేబుల్ మీద కనిపిస్తున్న 11 నవలల సెట్‌ని నాకు ఒక ఆన్‌లైన్ పుస్తకాల షాపు వాళ్ళు ఫ్రీగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఇలా మాట్లాడమని కూడా చెప్పలేదు. ఇంగ్లీషు రచయిత్రి డోరతీ సేయర్స్ రాసిన లార్డ్ పీటర్ విమ్సీ నవలలు ఇవి. మొదటిది 1923లో వచ్చింది, చివరిది 1937లో. ఏ నవలలో ఎవరు చచ్చిపోతారు, ఎవరి మీద అనుమానం, ఇదంతా మీకు ఎక్కడైనా దొరుకుతుంది. నేను ఆ జోలికి వెళ్ళను. ఈ మనిషి గురించి మాట్లాడతాను.

విమ్సీ ఒక డ్యూక్ గారి రెండో కొడుకు. అక్కడి పద్ధతిలో బిరుదూ, ఎస్టేటూ పెద్ద కొడుక్కే వెళ్తాయి. ఎస్టేటు బాధ్యతలు, ప్రభువుల సభలో కూర్చోవడం, అన్నీ అన్న జెరాల్డ్ నెత్తిన పడ్డాయి. తమ్ముడికి మిగిలినవి డబ్బూ, తీరికా. లండన్ పికడిల్లీలో 110ఏ నంబరు ఫ్లాటు, తొలినాళ్ళ అచ్చు పుస్తకాల సేకరణ, పియానో మీద బాఖ్ సంగీతం, ఒక కంటికి మాత్రమే అద్దం. హత్య కేసులు ఆయనకి హాబీ.

ఈ వైభవం వెనక సంగతి సేయర్స్ తర్వాత ఆవిడే చెప్పారు. తన చేతిలో డబ్బు లేని రోజుల్లో విమ్సీ చేత ఖర్చు పెట్టించి ఆ ముచ్చట తీర్చుకున్నారట. తను ఉంటున్న ఒంటి గది నచ్చకపోతే ఆయనకి ఖరీదైన ఫ్లాటు తీసుకున్నారు. తన చవక తివాచీకి చిల్లు పడితే ఆయనకి ఫ్రెంచి తివాచీ ఆర్డర్ చేశారు. బస్సు టికెట్‌కి డబ్బులు లేనప్పుడు ఆయనకి డైమ్లర్ కారు ఇచ్చారు. ఇది తెలిశాక ఆ వైన్ల వర్ణనలూ, కార్ల వర్ణనలూ నాకు ఇంకాస్త ఇష్టమయ్యాయి.

నా డిటెక్టివ్ నవలల పిచ్చి కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌తో మొదలైంది. అద్దె పుస్తకాల షాపులో అట్టలు ఊడిపోయిన కాపీలు తెచ్చుకుని రాత్రికి రాత్రే చదివేసేవాణ్ణి. యుగంధర్‌కి డిటెక్టివ్ పని వృత్తి. ఎవరో ఒకరు సాయం కావాలని వస్తేనే కథ కదులుతుంది. విమ్సీని ఎవరూ పిలవక్కర్లేదు. ఆ విందుకి ఆయనే అతిథి, ఆ క్లబ్బులో ఆయనే మెంబరు. ఆయన స్నేహితుడు చార్లెస్ పార్కర్ స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్, తెలివైనవాడు, కష్టపడి పనిచేస్తాడు. కానీ పార్కర్ గుమ్మంలోకి వస్తే పెద్దింటివాళ్ళు జాగ్రత్తపడిపోతారు. విమ్సీ వస్తే కూర్చోబెట్టి కబుర్లు చెబుతారు.

మరి ఆ ఇంటి వంటగదిలో జరిగే మాటలో? అక్కడ దొరగారి పప్పులు ఉడకవు. అక్కడికి బంటర్ వెళ్తాడు. బంటర్ ఆయన సొంత నౌకరు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన కింద సార్జెంటు. వేలిముద్రల ఫోటోలు తీసేదీ, ఎదుటి ఇంటి నౌకరుకి మంచి మందు పోసి నోరు విప్పించేదీ అతనే. బంటర్ కూడా వెళ్ళలేని చోట్లకి మిస్ క్లింప్సన్ ఉంది. పెళ్ళి కాని, వయసు మళ్ళిన ఆడవాళ్ళ మాటల్లో ఎంత సమాచారం ఉంటుందో కనిపెట్టి, ఆవిడకి జీతమిచ్చి పెట్టుకుంటాడు విమ్సీ. ఈ ఇద్దరూ లేకపోతే ఆయన సగం కేసులు తేలేవి కావు. డబ్బున్న డిటెక్టివ్ డబ్బుతో ఏం కొనాలో ఇంత బాగా తెలిసిన రచయిత నాకు ఇంకొకరు కనిపించలేదు.

నాకు చిరాకు తెప్పించినవి కూడా చెప్పాలి. ఈ సెట్‌లో అక్షరాలు మరీ చిన్నవి. ఫ్రెంచి పేరాలకీ, లాటిన్ ముక్కలకీ ఒక్క నోట్ లేదు. విమ్సీ ప్రేమకథ నవలల తరబడి నడిచి, చివరికి పెళ్ళి ప్రస్తావనా లాటిన్‌లోనే, జవాబూ లాటిన్‌లోనే. అంతసేపు ఎదురుచూసిన పాఠకుడికి కింద ఒక్క లైను అర్థం వేస్తే ఏం పోయింది? ఇక 1931 నాటి 'ఫైవ్ రెడ్ హెరింగ్స్'. స్కాట్లండ్‌లో ఆరుగురు చిత్రకారుల మీద అనుమానం, వాళ్ళ చుట్టూ రైళ్ళ టైమింగులు, సైకిళ్ళు, టికెట్లు. నాకు తల నొప్పి వచ్చింది. ఇంకోటి, ఈ నవలల్లో యూదుల గురించి రాసిన కొన్ని మాటలు ఇవాళ చదువుతుంటే మనసు కష్టపడుతుంది. ఆ కాలం అలాంటిదని నేను వాటిని వెనకేసుకురాను.

ఇన్ని ఉన్నా ఈ సెట్ నా బల్ల మీంచి ఎందుకు కదల్లేదంటే, ఈ సరదాకి ఆయన చెల్లించిన మూల్యం వల్ల. బ్రిటన్‌లో 1965 వరకూ హత్యకి ఉరిశిక్ష ఉంది. అంటే విమ్సీ హాబీ చివర్లో ఒక మనిషి మెడకి తాడు పడుతుంది. మొదటి నవలలోనే పార్కర్ ఆయన్ని నిలదీస్తాడు, ఇది ఆట కాదు, నువ్వు బాధ్యత ఉన్న మనిషివి అని. హంతకుడెవరో తెలిసిన రాత్రే విమ్సీకి పాత జబ్బు తిరగబెడుతుంది. 1918లో ఫిరంగి గుండు పేలి మట్టిలో కూరుకుపోయిన మనిషి ఆయన. ఆ రాత్రి మళ్ళీ యుద్ధంలో ఉన్నట్టే వణికిపోతాడు. బంటర్ ఊరడించి పడుకోబెడతాడు. చివరి నవలలో వాళ్ళమ్మ ఒక మాట చెబుతుంది. యుద్ధం నుంచి వచ్చాక నౌకర్లకి చిన్న పని చెప్పడానికి కూడా ఆయనకి నోరు వచ్చేది కాదట, నాలుగేళ్ళు తన ఆర్డర్లతో మనుషుల్ని చావుకి పంపించాడు కాబట్టి.

అదే నవలలో తను పట్టించిన హంతకుడికి తన డబ్బుతోనే పెద్ద లాయర్ని పెడతాడు. ఉరి తప్పదు. ఆ ఉదయం గడియారం ఎనిమిది కొడుతుంటే ఆయన భార్య ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తాడు. నేను చదివిన డిటెక్టివ్ నవలల్లో కేసు గెలిచి ఇలా కుప్పకూలిన డిటెక్టివ్ ఇంకొకడు లేడు. అదే కాలంలో, 1926లో, అమెరికా నవలల్లో ఫైలో వాన్స్ అనే డిటెక్టివ్ వచ్చాడు. ఆయనా డబ్బున్నవాడే, ఆయనకీ కళలంటే ప్రాణం. కానీ ఆయన ఉపన్యాసాలు ఇస్తాడు, కేసు తేలుస్తాడు, ఆ తర్వాత ఏ బాధా ఉండదు. అందుకే నేను ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. విమ్సీ దగ్గరికి మాత్రం ప్రతి వానాకాలం వెళ్తాను.

కొనాలా వద్దా? అక్షరాల సైజు వల్ల ఈ ఎడిషన్ వద్దంటాను. ఫ్రీగా పంపిన వాళ్ళకి కూడా ఇదే మాట రాసి పంపాను. నవలలు మాత్రం తప్పకుండా చదవండి. సేయర్స్ 1957లో పోయారు, మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళ వరకే కాపీరైట్, కాబట్టి 2018 నుంచి ఇక్కడ ఈ నవలలు ఉచితంగా చదువుకోవచ్చు. 1930లో వచ్చిన 'స్ట్రాంగ్ పాయిజన్'తో మొదలుపెట్టండి. అందులో విమ్సీ ఒకరిని ఉరి నుంచి తప్పించడానికి పరిగెడతాడు. కోర్టు సీనుతోనే మొదలవుతుంది, జ్యూరీలో మిస్ క్లింప్సన్ కూర్చుని ఉంటుంది. ఆవిడ అక్కడ చేసిన పని చదివి నాకు చెప్పండి, దాని మీద వేరే వీడియో చేద్దాం. ఉంటానండి.